సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన ‘డైమండ్ లైఫ్’ రికార్డును ఎలా వినాలి

ఇంట్లో కొత్తగా టర్న్‌టేబుల్ పెట్టుకున్నవాళ్ళు నన్ను అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. "పాత రికార్డు కొన్నాను, గరగరమంటోంది, పాడైపోయిందా?" దాని వెనకే ఇంకోటి వస్తుంది. "ఇందులో జాజ్ ఉందన్నారు, నాకైతే మామూలు పాప్ పాటలాగే ఉంది, ఎక్కడుంది ఆ జాజ్?" ఇవి రెండు వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ రెండింటికీ దగ్గరి సంబంధం ఉంది. రికార్డు గాడిలో దుమ్ము, ఆ గాడిలో నడిచే ముల్లుకు సరిగ్గా లేని బరువు, నెత్తిన తిరిగే ఫ్యాను అన్నీ కలిసి ముందు మింగేసేది చిన్న శబ్దాలనే. ఈ తరహా పాటల్లో జాజ్ దాక్కునేది కూడా ఆ చిన్న శబ్దాల్లోనే.

అందుకని ఒకే ఒక్క ఆల్బమ్ పట్టుకుని, కొట్లో చేతిలోకి తీసుకున్న దగ్గర్నుంచి రెండో వైపు చివరి పాట దాకా ఏం చేయాలో రాస్తున్నాను. ఆల్బమ్ పేరు ‘డైమండ్ లైఫ్’, బ్యాండ్ పేరు షాడే. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చాలామంది "సేడ్" అంటారు, పలకాల్సింది షాడే అని. గాయని పేరు కూడా అదే. షాడే అదు 1959లో నైజీరియాలోని ఇబదాన్‌లో పుట్టి, చిన్నప్పుడే ఇంగ్లండ్ వచ్చేసి, లండన్‌లో ఫ్యాషన్ డిజైన్ చదివి, ఆ తర్వాత పాటల్లోకి వచ్చారు. ఈ ఆల్బమ్‌ను లండన్‌లోని పవర్ ప్లాంట్ స్టూడియోలో ఆరు వారాల్లో రికార్డు చేశారు. 1984 జులైలో బ్రిటన్‌లో విడుదలైంది, మరుసటి ఏడాది అక్కడ ఉత్తమ బ్రిటిష్ ఆల్బమ్‌గా బ్రిట్ అవార్డు అందుకుంది. విపరీతంగా అమ్ముడుపోయిన రికార్డు కాబట్టి పాత కాపీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు చారిటీ షాపుల్లో, అమెరికాలో ఉన్నవాళ్ళు థ్రిఫ్ట్ స్టోర్లలో చూడొచ్చు. ఇక్కడున్నవాళ్ళు ఆన్‌లైన్‌లో గానీ, ముంబై చోర్ బజార్ లాంటి చోట గానీ ఓపిగ్గా వెతుక్కోవాలి.

నేర్చుకోవడానికి ఇదే ఎందుకంటే, ఇందులో ఖాళీ ఎక్కువ. యమహా డీఎక్స్7 సింథసైజర్ 1983లో వచ్చాక ఆ రోజుల్లో చాలా పాప్ రికార్డులు సింథ్ శబ్దంతో, పెద్ద పెద్ద డ్రమ్ దెబ్బలతో నిండిపోయాయి. వీళ్ళు వెనక్కి తగ్గి వాయించారు. వాద్యానికీ వాద్యానికీ మధ్య గాలి ఆడుతుంది. మీ రికార్డులో, మీ సెటప్‌లో ఏ లోపం ఉన్నా ఆ ఖాళీలో బయటపడిపోతుంది.

ఏమేం కావాలి

టర్న్‌టేబుల్, ఫోనో ప్రీఆంప్ (కొన్ని టర్న్‌టేబుళ్ళలో, ఆంప్లిఫయర్లలో లోపలే ఉంటుంది), రెండు స్పీకర్లు లేదా మంచి హెడ్‌ఫోన్. ముల్లు బరువు చూసే చిన్న స్టైలస్ గేజ్. కార్బన్ ఫైబర్ బ్రష్ ఒకటి, మెత్తటి వెడల్పాటి బ్రష్ ఇంకొకటి. ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డలు రెండు. డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు. రంగు, వాసన పెద్దగా లేని గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. కొత్త లోపలి కవర్ ఒకటి. కాగితం, పెన్సిల్. ఎవరూ పిలవని ఓ గంట సమయం.

ప్రీఆంప్ గురించి ఒక్క మాట. రికార్డు తయారీలో గాడి కోసేటప్పుడు బేస్ తగ్గించి, పై స్వరాలు పెంచి కోస్తారు. దాన్ని తిరిగి సరిచేసేది ప్రీఆంప్. అది లేకుండా నేరుగా ఆంప్లిఫయర్ ఆక్స్ సాకెట్లో పెడితే పాట ఎక్కడో దూరంగా, కీచుగా, బేస్ లేకుండా వస్తుంది. "రికార్డులో దమ్ము లేదు" అని చెప్పినవాళ్ళలో చాలామంది ఇంట్లో సమస్య ఇదే.

1. కొనేముందే చూసుకోండి

రికార్డును అంచులు, మధ్యలో లేబుల్ మాత్రమే పట్టుకుని బయటికి తీయండి. ఫోన్ టార్చ్ వెయ్యండి, నిలువుగా కాదు, పక్కనుంచి ఏటవాలుగా. దుమ్ము తెల్లగా చుక్కల్లా మెరుస్తుంది, దాంతో భయం లేదు. పైపైన ఉండే వెంట్రుకలాంటి గీతలు కవర్‌లో పెట్టి తీయడం వల్ల పడినవి, చాలావరకు వినిపించవు. గాళ్ళను లోతుగా, అడ్డంగా కోసుకుంటూ పోయే గీత మాత్రం తప్పకుండా వినిపిస్తుంది. ఏ పాట మీదుందో చూసి నిర్ణయించుకోండి.

తర్వాత లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ చూడండి. స్పిండిల్ (ఆ రంధ్రంలోకి దూరే టర్న్‌టేబుల్ కడ్డీ) కోసం గుడ్డిగా తడిమినప్పుడు పడే సన్నటి బూడిదరంగు గీతలుంటాయి. అవి వలలా అల్లుకుపోయి ఉంటే ఆ రికార్డు బాగా తిరిగిందని అర్థం. పైకి మెరుస్తున్నా సరే గాడి అరిగి ఉండొచ్చు.

లేబుల్ మీద పేరూ, కవర్ మీద పేరూ ఒకటేనా? రెండు వైపులా చదవండి. బ్రిటన్‌లో ఎపిక్ కంపెనీ వేసిన ఎల్పీ (పూర్తి ఆల్బమ్ ఉండే పెద్ద రికార్డు) మీద ఈపీసీ 26044 అనే నంబరుంటుంది. అమెరికాలో ఇదే ఆల్బమ్ పోర్ట్రెయిట్ లేబుల్ మీద వచ్చింది, కాబట్టి లేబుల్ వేరుగా ఉందని నకిలీ అనుకోకండి. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది: ఇదే ఆల్బమ్‌లోని పాటల 12 అంగుళాల సింగిల్స్ కూడా అంతే సైజులో ఉంటాయి. అవి సాధారణంగా 45 స్పీడులో తిరుగుతాయి, ఒకటి రెండు పాటలే ఉంటాయి.

ఆన్‌లైన్‌లో అయితే రికార్డు పరిస్థితికి అమ్మేవాళ్ళిచ్చే గ్రేడుల్లో వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్) కంటే కిందికి వెళ్ళొద్దని నా సలహా. ఇలాంటి మెత్తటి సంగీతానికి వీజీ సరిపోదు. రాక్ రికార్డులో డ్రమ్ముల కింద దాక్కునే టిక్కు ఇక్కడ పాట పైకెక్కి కూర్చుంటుంది. "వేసి చూశాం, బాగుంది" అన్న మాటను కూడా పూర్తిగా నమ్మకండి. ఓ కొట్లో ఆ మాట మీదే కొన్న కాపీ నా దగ్గర ఇంకా ఉంది. పైన గీతే లేదు. కానీ గొంతు కాస్త పైకి లేచిన ప్రతిచోటా ‘స’కారాలు చిరిగిపోయినట్టు వస్తాయి. ఎవరో అరిగిపోయిన ముల్లుతో ఏళ్ళ తరబడి దున్నేశారు. కడిగితే పోయేది కాదది.

2. కడగండి, కొత్తగా మెరుస్తున్నా సరే

పొడి బ్రష్‌తో తుడిచేసి వేసేయడం మొదటి పెద్ద తప్పు. నలభై ఏళ్ళ దుమ్ము, వేళ్ళ జిడ్డు, సిగరెట్ పొగ గాడి అడుగున గట్టిపడి ఉంటాయి. ముల్లు వాటిని ఇంకా లోపలికి నొక్కుతుంది.

అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో లిక్విడ్ రెండు చుక్కలు, అంతకు మించొద్దు. రికార్డు కింద ఉతికిన తువ్వాలు పరవండి. లేబుల్ తడవకుండా చూసుకుంటూ బ్రష్‌తో నీళ్ళు రాయండి. గాడి ఎటు తిరుగుతుందో బ్రష్ కూడా అటే గుండ్రంగా తిరగాలి, ముగ్గు గిన్నె చుట్టూ వేలు తిప్పినట్టు. అడ్డంగా రుద్దకండి. ఒక్కో వైపు రెండు నిమిషాలు. తర్వాత మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, గుడ్డతో అద్ది, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. కనీసం గంట పడుతుంది.

డిస్టిల్డ్ వాటర్ అంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే. బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. యాసిడ్ క్యాను కాదని లేబుల్ చదివి మరీ తెచ్చుకోండి. కుళాయి నీళ్ళు, అందులోనూ బోరు నీళ్ళు వాడొద్దు. నేను మొదట్లో బోరు నీళ్ళతోనే కడిగాను. ఆరాక రికార్డు మీద గీజరు లోపల పేరుకునేలాంటి తెల్లటి పొర పట్టింది, కడగకముందు కంటే ఎక్కువ గరగర మొదలైంది. మళ్ళీ డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగితే గానీ పోలేదు. ఆర్వో నీళ్ళు తప్పనిసరైతే మొదటి కడుగుకి వాడుకోండి, ఆఖరి రెండు కడుగులూ డిస్టిల్డ్ వాటర్‌తోనే కావాలి.

వేలిముద్రలు గట్టిగా ఉంటే నాలుగు వంతుల నీటికి ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి ఆ చోట మాత్రం రాయొచ్చు. కానీ మీ తాతగారి కాలం నాటి 78 స్పీడు రికార్డులకు ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి. హ్యాండ్ శానిటైజర్, అద్దాలు తుడిచే స్ప్రే దేనికీ వద్దు.

పని సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది? మళ్ళీ టార్చ్ ఏటవాలుగా వెయ్యండి. వెలుగు గాళ్ళ మీద ఒకే సన్నటి చారలా పడాలి. మరకలుగా విరిగితే సబ్బు మిగిలిందని అర్థం. పాట వేశాక ముల్లు చివర చూడండి. దూదిలాంటి ఉండ పట్టి ఉంటే ఇంకోసారి కడగాల్సిందే. కడిగిన రికార్డును పాత కవర్‌లో పెట్టకండి, ఆ దుమ్మంతా అక్కడే ఉంది.

3. టర్న్‌టేబుల్‌ను సరిచేయండి

ముందు స్థలం. మన ఇళ్ళలో దీనికి గొప్ప సదుపాయం ఒకటుంది: గోడలోకి దిగగొట్టిన కడప బండ అల్మరా. దాని మీద పెడితే ఇంట్లో పిల్లలు పరుగెత్తినా ముల్లు ఎగరదు. చెక్క టీపాయ్ మీదైతే అడుగు అడుగుకీ అదురుతుంది. స్పీకర్లను మాత్రం అదే బండ మీద పెట్టకండి. స్పీకర్ అదురు ముల్లులోకి, ముల్లు నుంచి మళ్ళీ స్పీకర్లోకి తిరిగి బేస్ అంతా బొయ్యిమంటుంది. ఫోన్‌లో లెవెల్ చూసే యాప్ తెరిచి ప్లాటర్ (రికార్డు కూర్చునే పళ్ళెం) సమంగా ఉందో లేదో చూసుకోండి.

తర్వాత ముల్లు బరువు. కాట్రిడ్జ్ (ముల్లు అమర్చి ఉండే చిన్న భాగం) కంపెనీ ఎంత చెప్పిందో అంతే పెట్టాలి. ఆడియో టెక్నికా వీఎం95ఈ అయితే 2 గ్రాములు, ఓర్టోఫోన్ 2ఎం రెడ్ అయితే 1.8 గ్రాములు. "తక్కువ బరువైతే రికార్డు అరగదు" అని తగ్గించేవాళ్ళున్నారు. అది తప్పు. తేలిపోయే ముల్లు గాడి గోడలకు కొట్టుకుంటూ పోతుంది, దానివల్లే నష్టం ఎక్కువ. యాంటీ స్కేటింగ్ (ముల్లును రికార్డు మధ్యకు లాగే బలాన్ని సరిచేసే నాబ్) కూడా అదే అంకె దగ్గర పెట్టి మొదలుపెట్టండి. పెట్టెలాంటి సూట్‌కేస్ ప్లేయర్లలో చాలావాటికి బరువు మార్చుకునే వీలే ఉండదు, ముల్లు బాగా బరువుగా కూర్చుంటుంది. మీ దగ్గర అదే ఉంటే, మంచి కాపీని దాని మీద పదేపదే వేయకండి.

ఇక స్పీడు. చాలామంది అసలు చూసుకోనిది ఇదే. ప్లాటర్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి, రికార్డు తిరుగుతుండగా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టండి. 33⅓ స్పీడంటే 3 నిమిషాల్లో సరిగ్గా 100 చుట్లు. 99 కంటే తక్కువైనా, 101 దాటినా సరిచేసుకోవాలి. బెల్టు సాగిపోతే మార్చాలి, మోటార్ దగ్గర స్క్రూ ఉంటే కొద్దిగా తిప్పాలి.

అమెరికా నుంచి టర్న్‌టేబుల్ మోసుకొచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. పాత టర్న్‌టేబుళ్ళలో కొన్నింటి మోటార్ నేరుగా ఆ హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతుంది. కన్వర్టర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది గానీ స్పీడు 33 నుంచి 28కి దగ్గరగా పడిపోతుంది. షాడే గొంతు మగగొంతులా వినిపిస్తే కంగారు పడకండి, రికార్డు తప్పేం లేదు. ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ (మోటార్ మీద బెల్టు తిరిగే చిన్న చక్రం) దొరుకుతుందేమో చూడాలి. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటార్ రకాలకు ఈ బాధ లేదు.

4. ఏ శబ్దం దేనివల్ల?

ఇప్పుడు ఒక పాట వేసి, పాటను కాకుండా తప్పులను మాత్రమే వినండి.

టిక్కు, టిక్కు అని 1.8 సెకన్లకోసారి వస్తే అది అడ్డగీత. ఒక చుట్టుకు పట్టే సమయం అంతే. దాన్ని ఒప్పుకోవడమే తప్ప చేసేదేం లేదు.

లెక్కాపత్రం లేకుండా పోపు చిటపటలాడినట్టు వస్తే దుమ్ము, లేదా గాలిలో తేమ లేక పుట్టే స్టాటిక్. మళ్ళీ కడగండి, ప్రతిసారి వేసేముందు కార్బన్ ఫైబర్ బ్రష్ ఆడించండి.

పాట లేనప్పుడు నిశ్శబ్దంగా ఉండి, గొంతో శాక్సోఫోనో పైకి లేచినప్పుడు మాత్రమే బరబరమంటే మూడు కారణాలుండొచ్చు: ముల్లు మురికిగా ఉంది, బరువు తప్పుంది, లేదా గాడి అరిగింది. ఈ వరసలోనే చూడండి. ముందు ముల్లు తుడిచి, తర్వాత బరువు చూసి, రెండూ సరిగ్గా ఉంటేనే రికార్డును అనుమానించండి. ముల్లు తుడిచేటప్పుడు వెనక నుంచి ముందుకే బ్రష్ లాగాలి, పక్కలకు లాగితే ముల్లు వంగిపోతుంది.

ఎడతెగని ‘హమ్’ వస్తుంటే గ్రౌండ్ వైరు (టర్న్‌టేబుల్ నుంచి ప్రీఆంప్‌కి వెళ్ళే ఎర్త్ తీగ) వదులై ఉండొచ్చు.

మొదటి పాట శుభ్రంగా ఉండి, ఆ వైపు చివరి పాట మాత్రమే ముద్దగా ఉంటే? ఇది చాలామందిని తికమక పెడుతుంది. రికార్డు ఒకే స్పీడులో తిరిగినా, బయటి అంచున ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి పోతుంది, లోపలి అంచుకు వచ్చేసరికి అది 20 చిల్లరకు పడిపోతుంది. అదే సంగీతం సగంకన్నా తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. కాట్రిడ్జ్ కోణం కొంచెం తప్పినా అక్కడే దొరికిపోతుంది. ప్రింట్ తీసుకునే ప్రొట్రాక్టర్ (కాట్రిడ్జ్ కోణం చూసే గీతల) కాగితాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, దాంతో కాట్రిడ్జ్‌ను సరిచేయండి. ప్రింట్ తీసేటప్పుడు సైజు 100 శాతం ఉండాలి. పేజీకి సరిపెట్టే ఆప్షన్ పెడితే కొలతలన్నీ తప్పుతాయి.

5. గదిని సర్దుకోండి

సీలింగ్ ఫ్యాను ఆపండి. మే నెలలో చెప్పడం తేలికే, చేయడం కష్టం. కాబట్టి ఉదయం ఆరింటికో, రాత్రి పదింటికో పెట్టుకోండి. ఫ్యాను శబ్దం ఒకేలా ఉంటుంది కాబట్టి మనకు వినిపించడం మానేస్తుంది గానీ, డ్రమ్ముల సన్నటి చప్పుళ్ళు, పాట చివర మెల్లగా తగ్గిపోయే భాగం దాని కిందే పోతాయి. రెండు స్పీకర్లు, మీరు, ముగ్గురూ మూడు మూలలుగా, దూరాలు దాదాపు సమానంగా కూర్చోవాలి. గొంతు ఎడమనుంచో కుడినుంచో కాకుండా ఎదురుగా గోడమీంచి వస్తున్నట్టుంటే సరిగ్గా కుదిరినట్టు. అలా కాక ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోతే, ఒక స్పీకర్ వైర్లు ప్లస్ మైనస్ తారుమారయ్యాయి.

హెడ్‌ఫోన్‌తో వినడంలో తప్పులేదు. కానీ పాత కాపీలో చిటపటలన్నీ చెవి పక్కనే పేలతాయి, మొదటిసారికి స్పీకర్లే మేలు.

6. మొదటిసారి ఒక వైపు మొత్తం, మధ్యలో లేవకుండా

ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. పాటల సాహిత్యం వెతక్కండి, ఇప్పుడే వద్దు. అర్థం పట్టుకునే పనిలో పడితే చెవి గొంతు వెంటే పోతుంది. మనకు సినిమా పాటలతో అదే అలవాటు. పల్లవి, చరణం గుర్తుంటాయి, మధ్యలో వాద్యాలు వచ్చేది ఊపిరి తీసుకోవడానికే అనుకుంటాం.

మొదటి పాట ‘స్మూత్ ఆపరేటర్’ మాటలతో మొదలవుతుంది, పాటతో కాదు. ఆ మాటలు అయ్యాక మొదటి చరణంలో మొదటి రెండు పదాలే ఆల్బమ్ పేరు. అంతవరకు తెలిస్తే చాలు.

ఈసారి రాసుకోవాల్సింది ఒక్కటే: ఏ పాటలో మీ కాలు దానంతటదే కదిలిందో ఆ పాట నంబరు.

7. రెండోసారి గొంతును వదిలేసి, కింద బేస్ వినండి

ఇదే అసలు మెట్టు. తొందరపడి దాటేయకండి. బేస్ గిటార్ వాయించింది పాల్ డెన్మన్. మొదటి వైపు మూడో పాట ‘హ్యాంగ్ ఆన్ టు యువర్ లవ్’ వేసి, ఆ గొంతు పక్కింట్లో వినిపిస్తోందనుకోండి. అన్నిటికంటే అడుగున, ఛాతీకి తగిలే శబ్దాన్ని పట్టుకోండి. దొరక్కపోతే వాల్యూమ్ కొద్దిగా పెంచండి. బేస్ నాబ్ పెంచితే గుంపుగా బొయ్యిమంటుంది గానీ స్వరాలు తెలియవు. చిన్న స్పీకర్లలో అసలు వినిపించకపోతే ఈ మెట్టుకి మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

ఎనభైల్లో ఇళయరాజా చేసిన తెలుగు పాటల్లో బేస్ గిటార్‌ను గమనించిన అలవాటుంటే మీకు ఇది సులువు. అక్కడా పాట కింద ఇంకో పాట నడుస్తుంటుంది. లేకపోతే ముందు అలాంటిదొకటి విని చెవిని సాధన చేయించి రండి, తప్పులేదు.

సరిగ్గా విన్నారా లేదా అన్నదానికి పరీక్ష: ముల్లు ఎత్తేసి, బేస్ వరసను నోటితో ‘దుం దుం’ అని ఒక చుట్టు పాడండి. పాడగలిగారంటే విన్నట్టే. నోటికి గొంతు వరసే వస్తుంటే ఇంకోసారి వేయండి. నాకు ఈ పాటతో మూడుసార్లు పట్టింది. మూడోసారి అది దొరికాక పాట మొత్తం వేరే పాటలా అనిపించింది. అప్పటిదాకా పైన తేలుతున్నట్టున్న గొంతు దేనిమీద నిలబడి ఉందో కనిపించింది.

8. మూడోసారి శాక్సోఫోన్ ఎప్పుడు మాట్లాడుతుంది, ఎప్పుడు ఆగుతుంది

రెండో పాట ‘యువర్ లవ్ ఈజ్ కింగ్’ శాక్సోఫోన్‌తోనే మొదలవుతుంది. వాయించింది స్టువర్ట్ మాథ్యూమన్, గిటార్ కూడా ఆయనే. శాక్సోఫోన్ ఉంటే చాలు జాజ్ అనుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. ఎనభైల్లో చాలా పాప్ పాటల్లో శాక్సోఫోన్ ఉంది. చూడాల్సింది అది గొంతుతో ఎలా మసలుకుంటోందన్నది.

కచేరీలో వయొలిన్ పక్కవాద్యాన్ని తలుచుకోండి. గాయకుడు ఒక సంగతి పాడి ఆపితే, ఆ తోకను వయొలిన్ అందుకుని పూర్తిచేస్తుంది. పాడుతున్నప్పుడు మీదపడదు. ఇక్కడ శాక్సోఫోన్ అదే మర్యాద పాటిస్తుంది. కాగితం మీద రెండు గీతలు గీయండి, పైన గొంతు, కింద శాక్సోఫోన్. పాట నడుస్తుండగా ఎవరు మాట్లాడితే ఆ గీత మీద చుక్క పెట్టండి. చుక్కలు ఎక్కువగా ఒకటి పైన, ఒకటి కింద వస్తాయి. ‘ఎక్కడుంది ఆ జాజ్?’ అని నన్నడిగిన ఆ రెండో ప్రశ్నకి నా జవాబు ఈ కాగితమే.

కీబోర్డుల మీద ఆండ్రూ హేల్. ఆయన వేళ్ళ కింద ఒకేసారి నాలుగైదు స్వరాలు పలుకుతాయి, అందుకే ఆ శబ్దానికి ఆ మసక, ఆ వెచ్చదనం. సిద్ధాంతం ఇంతకంటే అక్కర్లేదు.

ఇక తాళం. మనం అలవాటుగా మొదటి దెబ్బ మీద, సమం మీద చప్పట్లు కొడతాం. ఈ పాటలకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ రెండు మీద, నాలుగు మీద కొట్టండి. మొదట చెయ్యి తడబడుతుంది. కుదిరినప్పుడు పాట కాస్త వెనక్కి వాలి నడుస్తున్నట్టు ఉంటుంది, కుదరనప్పుడు కవాతులా ఉంటుంది. తేడా మీ ఒంటికే తెలుస్తుంది.

9. రెండో వైపు

నాలుగే పాటలు, నిడివి ఎక్కువ. ‘చెర్రీ పై’ ఒక్కటే ఆరు నిమిషాలు దాటుతుంది. ఇక్కడ కొత్త పరీక్షలేం పెట్టుకోకండి, బేస్ నుంచి పైకి ఒక్కో వాద్యాన్ని కలుపుకుంటూ వెళ్ళండి.

చివరి పాట ‘వై కాంట్ వుయ్ లివ్ టుగెదర్’ వాళ్ళ సొంతం కాదు. 1972లో టిమ్మీ థామస్ పాడింది. అందులో ఉన్నది ఆర్గాన్, ఒక రిథమ్ మెషీన్, ఆయన గొంతు, అంతే. రికార్డు అయ్యాక ఆ పాత పాటను ఫోన్‌లో వినండి. ఆ కొద్దిపాటి సామాను తెచ్చుకుని వీళ్ళు ఏం కలిపారో, ఎంత కలపకుండా వదిలేశారో పక్కపక్కనే పెట్టి వింటేనే తెలుస్తుంది. నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. నిర్మాత రాబిన్ మిల్లర్‌కి ఆ రోజుల్లో కంటిచూపు క్రమంగా పోతోంది, ఆ తర్వాత పూర్తిగా పోయింది. ఈ పాట విన్నప్పుడల్లా నాకు ఆయన చెవి గుర్తొస్తుంది.

స్ట్రీమింగ్‌తో ఆఖరి పరీక్ష కూడా ఇక్కడే చేయండి. ఒకే పాటను రికార్డు మీద, ఫోన్‌లో, ఒకే వాల్యూమ్‌లో మార్చిమార్చి వినండి. శ్రుతి రెండింటిలో ఒకటేనా? కాకపోతే స్పీడు ఇంకా తప్పుంది. ‘స’కారాలు రికార్డులోనే గరుగ్గా ఉన్నాయా? అయితే ముల్లు సంగతి మళ్ళీ చూడాలి. రికార్డే గెలవాలని పట్టుబట్టకండి, తేడా ఎక్కడుందో తెలిస్తే చాలు.

క్యాసెట్ దొరికితే

ఎల్పీ దొరక్క క్యాసెట్ కొన్నవాళ్ళు ముందు టేపు బయటికి కనిపించే అంచులో చూడండి. మధ్యలో రాగి రేకు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉండాలి. జిగురు ఎండిపోయి అది ఊడిపోతే పాట ముద్దగా వస్తుంది. పాత పాడైన క్యాసెట్ నుంచి తీసి మార్చుకోవచ్చు, షెల్ స్క్రూలతో ఉంటే పని సులువు. వేసేముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్, మళ్ళీ రివైండ్ చేయండి. ఏళ్ళ తరబడి బిగుసుకున్న టేపు సర్దుకుంటుంది. ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు వేయండి. డాల్బీ (టేపు బుస తగ్గించే పద్ధతి) గుర్తున్న క్యాసెట్‌ను డాల్బీ లేని ప్లేయర్‌లో వేస్తే కొంచెం కీచుగా ఉంటుంది, ట్రెబుల్ ఒక చుక్క తగ్గించుకోండి.

ఇదే పద్ధతి పనికొచ్చే ఆ కాలపు ఇతర ఆల్బమ్‌లు: ఎవ్రీథింగ్ బట్ ద గర్ల్ బ్యాండ్ ‘ఈడెన్’ (1984, నిర్మాత మిల్లరే), జో జాక్సన్ ‘నైట్ అండ్ డే’ (1982), డొనాల్డ్ ఫేగన్ ‘ద నైట్‌ఫ్లై’ (1982), బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ శాక్సోఫోన్ వాయించిన స్టింగ్ ‘ద డ్రీమ్ ఆఫ్ ద బ్లూ టర్టిల్స్’ (1985).

10. ముల్లు ఎత్తడం

ఆఖరి పాట మెల్లగా తగ్గిపోయాక ముల్లు లోపలి ఖాళీ గాడిలోకి జారి అక్కడే తిరుగుతుంటుంది. చాలా టర్న్‌టేబుళ్ళు వాటంతట అవి ఆగవు. కునుకు పట్టి అలా వదిలేస్తే రాత్రంతా తిరుగుతుంది, ముల్లు ఊరికే అరుగుతుంది. లివర్‌తో ఎత్తండి, వేళ్ళతో కాదు. రికార్డు కొత్త కవర్‌లో పెట్టి నిలువుగా నిలబెట్టండి. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే వంగుతాయి. ఎండ తగిలే కిటికీ పక్కన, కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం ఉంచినా అంతే.

రేపు మళ్ళీ వేసేముందు ఆ రెండు గీతల కాగితం పక్కన పెట్టుకోండి. మొదటిరోజు చుక్క పెట్టని చోట ఇంకో వాద్యం వినిపిస్తుంది, దానికి మూడో గీత గీయండి.